మన పెరటికి తగిన హరితగృహము

హరితగృహ మను మాట మీలో అనేకులు వినియే యుందురు. గాజుతోగాని ప్లాస్టిక్ పరదాతోగాని కప్పి, లోపల మొక్కలను పెంచు ఇంటి కా పేరు. అందు యంత్రము లేక, విద్యుచ్ఛక్తి లేక, సూర్యుని వేడిమిని, గాలి నడకను మాత్రమే వినియోగించుకొనునది యొక రకము. అట్టిదానిని మన కృష్ణా డెల్టాలో, మన పెరటిలో, మన చేతులతో కట్టుకొనవచ్చునా? కట్టుకొన్నచో ఎట్లు కట్టుకొనవలెను? ఇది నేటి ప్రసంగ విషయము. ఈ పనిలో నేను మొదట ఓడి, తరువాత నేర్చుకొన్నవాడను. కావున నా యోటమితోనే ప్రారంభింతును.

కొన్ని సంవత్సరముల క్రిందట లడఖు ప్రాంతపు హరితగృహముల చిత్రములను ఒక పుస్తకమున చూచితిని. అచ్చటి లేహ్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 11,500 అడుగుల యెత్తున నున్నది. చలికాలపు రాత్రులందు వేడిమి సున్నకు ఇరువది డిగ్రీల దిగువకు కూడ పోవుచుండును. అట్టి చోట జనులు ఉత్తరమున మందమైన మట్టియిటుకల గోడ పెట్టి, దక్షిణమున ఏటవాలుగా పలుచని పరదా కట్టుదురు. పగటి యెండ ఆ పరదాగుండ లోపలికి దూరి గోడను కాచును. రాత్రి ఆ గోడ తన వేడిని మెల్లమెల్లగా విడిచి మొక్కలను బ్రతికించును. పిడికెడు పుల్లలైన కాల్పకుండ మంచుకాలమున ఆకుకూరలు పండించు ఆ నేర్పు చూచి నాకు ముచ్చట కలిగెను.

ఆ ముచ్చటతో మా పెరటిలోను అట్టిదే కట్టితిని. ఉత్తరమున మట్టిగోడ, దక్షిణమున ఏటవాలు పరదా, ఒక చిన్న తలుపు. ఆషాఢమాసమున అందులో మా తమ్ముని ఎకరము చేనికి కావలసిన మిరపనారు పోసితిని. ముసురు పట్టిన దినములలో నారు పచ్చగా లేచెను. ఊరివారు వచ్చి చూచి మెచ్చుకొని పోయిరి. శ్రావణమున ఒకనాడు గుడివాడలో బంధువుల యింట పెండ్లికి పోవలసివచ్చెను. వాన వచ్చునేమో యని అంతయు బిగించి, తలుపు మూసి పోయితిని. ఆనాడు వాన రాలేదు. మబ్బు విడిచి చుఱుక్కుమని ఎండ కాసెను. సాయంకాలము తిరిగివచ్చి తలుపు తెఱచునప్పటికి, అన్నపుగిన్నె మూత తీసినట్లు వేడియావిరి ముఖమునకు తగిలెను. నెలనాటి నారంతయు ఉడికిన ఆకుకూరవలె వ్రాలిపోయెను.

మరల నారు పోసి పెంచుటకు అదను దాటినది. మా తమ్ముడు ఒక్క మాటయైన అనక, పొరుగూరికి పోయి నారు కొని తెచ్చుకొనెను. అతడు నాలుగు మాటలు తిట్టినను నాకంత బాధ యుండెడిది కాదు. మరునాడు మా వీథిలోని ముసలిరైతు ఒకడు వచ్చి, చుట్టును తిరిగి చూచి, “ఒరే అబ్బాయీ, మండువా లేని ఇల్లు కట్టావేమిట్రా? మధ్యాహ్నంపూట ఇందులో నువ్వు కూచోగలవా?” అని అడిగెను. శాస్త్రమంతయు ఆ రెండు ప్రశ్నలలోనే యున్నదని తరువాత తెలిసినది.

ఆ శాస్త్ర మేమో చూతము. ఎండ పరదాగుండ లోపలికి వచ్చి నేలమీదను ఆకులమీదను పడి వేడిగా మాఱును. కాగిన నేల తన్నంటిన గాలిని కాచును. ఆరుబయట నైనచో కాగిన గాలి తేలికయై పైకి పోవును. దాని చోటికి చల్లగాలి వచ్చును. మూసిన యింటిలో కప్పు అడ్డమగుటచేత ఆ గాలి లోపలనే చిక్కి అంతకంతకు కాగును. నేలనుండి వెలువడు, కంటికి కనబడని ఉష్ణకిరణములను గాజు వెలికి పోనీయదనుట కూడ నిజమే. అయితే ఈ రెండింటిలో ముఖ్యకారణ మేది?

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడగు రాబర్టు వుడ్డు 1909లో దీనిని పరీక్షించెను. ఆయన రెండు పెట్టెలు తీసికొని, ఒకదానికి గాజుపలకను, రెండవదానికి ఉప్పురాతి పలకను మూతగా పెట్టి ఎండలో నుంచెను. ఉప్పురాయి ఆ కనబడని ఉష్ణకిరణములను పోనిచ్చును. అయినను రెండు పెట్టెలును దాదాపు సమముగానే, సుమారు 55 డిగ్రీలవఱకు కాగినవి. దీనినిబట్టి, అట్టి పెట్టె కాగుటకు ముఖ్యకారణము గాలి చిక్కువడుటయే యని తేలినది. మనకు కావలసిన సూత్ర మిదియే: గాలికి దారి యిచ్చినచో వేడి పోవును, దారి మూసినచో నిలుచును. లడఖులో వేడిని నిలుపవలెను. మనము పంపివేయవలెను.

ఇంకొక భేదము సూర్యుని యెత్తు. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు పదునాఱున్నర డిగ్రీల దూరమున నున్నది. డిసెంబరు 21 ప్రాంతమున, అనగా సూర్యుడు దక్షిణమునకు మిక్కిలి వాలినప్పుడు కూడ, మధ్యాహ్నమున మనకు 50 డిగ్రీల యెత్తున నుండును. అదే దినమున లండనులో 15 డిగ్రీల యెత్తు మాత్రమే లేచును. మే 6 ప్రాంతమునను ఆగస్టు 7 ప్రాంతమునను మనకు సరిగా నడినెత్తి నుండును. ఆ రెండు తేదీల నడుమ మూడు నెలలు మధ్యాహ్నసూర్యుడు మనకు ఉత్తరపువైపుననే యుండును. ఇక దక్షిణమున ఏటవాలు పరదా, ఉత్తరమున వేడిగోడ మన కెందులకు? ధనుర్మాసపు తెల్లవాఱుజామున కూడ మన ప్రాంతమున వేడిమి పదునైదు డిగ్రీల దిగువకు పోవుట అరుదు. మన మొక్కలకు చలి శత్రువు కాదు.

మఱి మన నారునకు శత్రువు లెవరు? ముగ్గురు. మొదటిది ఎడతెగని వాన. మన నల్లనేలలో నీరు నిలిచినచో నారుకుళ్ళు తెగులు సోకి మొదళ్ళు మెత్తబడి మొక్కలు పడిపోవును. రెండవది ముసుర్ల నడుమ చుఱుక్కుమను ఎండ. మూడవది రసము పీల్చు పురుగు. తెల్లదోమ ఆకుముడత వైరసును మోసికొనివచ్చును. అది సోకిన మిరపమొక్కను బాగుచేయు మందు లేదు. 2021లో నల్ల తామరపురుగు విరుచుకొనిపడి, గుంటూరు, కృష్ణా, ఖమ్మము ప్రాంతముల మిరపరైతులను ఎంత యేడిపించినదో మీకు తెలియనిది కాదు. కావున మనకు కావలసినది చలినాపు గది కాదు. వానకు గొడుగు, ఎండకు జల్లెడ, పురుగునకు తలుపు.

ఇట్టి నేర్పు మనకు క్రొత్తది కాదు. మన డెల్టాలోని తమలపాకుతోటలోనికి ఎండవేళ పోయి చూడుడు. అవిసెచెట్ల పలుచని నీడలో తీగ చల్లగా నుండును, గాలి యాడుచుండును. పాతకాలపు మండువా లోగిలి చూడుడు. నడుమ కప్పు తెఱచియుండుటచేత కాగిన గాలి పైకి పోవును. ఈ రెండింటిని కలిపినదే మన హరితగృహము. హైదరాబాదులోని ఖేతీ అను సంస్థ చిన్నరైతులకొఱకు ఎండను పురుగును తగ్గించు చిన్న హరితగృహములను ఏర్పఱచి, 2022లో ఎర్త్‌షాట్ బహుమానముగా పది లక్షల పౌండ్లు పొందినది. ఉష్ణదేశమునకు వేఱు హరితగృహము కావలెనని దీనివలన కూడ గ్రహింపవచ్చును.

ఇక కట్టువిధము. మొదట కొలత. మిరపమొక్కలను రెండేసి అడుగుల యెడమున నాటినచో ఎకరమునకు సుమారు 10,900 మొక్కలు కావలెను. 98 గుంటల ప్లాస్టిక్ ట్రేలు 120 తీసికొన్నచో, చచ్చినవి పోను సరిపోవును. ఈ ట్రేలు దాదాపు 190 చదరపుటడుగుల చోటు పట్టును. నడుమ రెండడుగుల బాట విడిచి, పొడవు 24 అడుగులు, వెడల్పు 12 అడుగులు గల యిల్లు చాలును. చెట్టునీడ లేని మెఱకచోటు చూచుకొనవలెను.

పొడవు ఉత్తర దక్షిణములుగా నుండవలెను. అప్పుడు వాసముల నీడ ఒక్కచోటనే నిలువక ఉదయము నుండి సాయంకాలమువఱకు మొక్కలమీద జరుగుచు పోవును. ఖరీఫులో వీచు పడమటిగాలి నిడుపాటి ప్రక్కలగుండ లోపలికి వచ్చును. ఆఱేసి అడుగుల కొకటి చొప్పున ప్రక్కకు ఐదు గుంజలు పాతవలెను. ప్రక్కగుంజలు నేలపైని ఏడడుగులు, నడిమివరుస పదునొకండడుగులు ఉండవలెను. అన్నిటిని రెండడుగుల లోతు పాతవలెను. వెదుళ్ళను పదునైదు దినములు కాలువనీటిలో నానవేసి ఆఱబెట్టినచో పురుగు తొలుచుట తగ్గును. పాతెడు భాగమునకు తారు పూయవలెను. శక్తిగలవారు ఇనుపగొట్టములు వేసికొనవచ్చును.

కప్పు వేయుటలోనే ఉన్నది అసలు మర్మము. పడమటి కప్పును నడిమిగుంజల కొనవఱకు తీసికొనిపోవలెను. తూర్పుకప్పును అంతకు అడుగున్నర దిగువనే ఆపవలెను. ఈ రెండింటి నడుమ పొడవునా మిగులు సందే మన మండువా. కాగిన గాలి దానిగుండ వెడలిపోవును. పడమటి కప్పు జానెడు ముందుకు వచ్చియున్నచో జల్లు లోపల పడదు. ఈశాన్యపు వానలు తూర్పునుండి కొట్టునప్పుడు దింపుకొనుటకు ఆ సందునకు ఒక పరదా వ్రేలాడదీయవలెను. కప్పునకు ఎండకు తట్టుకొనునట్లు చేసిన 200 మైక్రానుల ప్లాస్టిక్ వాడవలెను. సామాన్యమైన ప్లాస్టిక్ త్వరలో పెళుసెక్కి చినిగిపోవును.

నిడుపాటి ప్రక్కలందు మూడేసి అడుగుల యెత్తు తెఱపి విడువవలెను. నేల వైశాల్యములో నాలుగవ వంతు తెఱపి యుండవలెనని లెక్క. మన నేల 288 చదరపుటడుగులు కనుక 72 చాలును. కాని పురుగువల గాలిని కొంత అడ్డగించును గనుక మనము రెండింతలకు మించి, ప్రక్కలలో 144, పైని 36 విడుచుచున్నాము. ఈ తెఱపులన్నిటికి అంగుళమునకు 40 కన్నుల వల బిగింపవలెను. అది తెల్లదోమ నాపును. తామరపురుగు ఇంకను సన్ననిది; దానిని పూర్తిగా ఆపదు. కావున లోపల నీలిరంగు జిగురు అట్టలు కూడ వ్రేలాడదీయవలెను. తలుపులు ఒకదాని వెనుక నొకటి రెండుండవలెను. ఒకటి మూసిన తరువాతనే రెండవది తెఱచుట అలవాటు చేసికొనవలెను.

సగము ఎండను వడగట్టు నీడవలను కప్పుమీద ఒక అడుగు ఎత్తున కట్టినచో మేలు. ఎండ కాయు దినములందు ఉదయము పది గంటలకు పఱచి, సాయంకాలము నాలుగు గంటలకు తీసివేయవలెను. ముసురునాడు పఱవరాదు, చీకటిలో నారు సన్నగా పొడుగెక్కి బలహీనపడును. నాటుటకు వారము ముందునుండి నీడవలను మానివేసి నారును ఎండకు అలవాటు చేయవలెను.

ట్రేలను నేలమీద పెట్టక ఇటుకలపైని బద్దలు పఱచి పెట్టవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీథులను ముంచినది మనము చూచితిమి; పెరటిలో నీరు నిలుచుటకు అంత వఱద అక్కఱలేదు. నీరు ఉదయముననే పోయవలెను. సాయంకాలము పోసినచో రాత్రియంతయు తడి నిలిచి కుళ్ళుతెగులునకు దారి యగును.

రెండు ఉష్ణమాపకములు కొనుడు. ఒకటి లోపల మొక్కల యెత్తున, రెండవది బయట, రెండును నీడలో కట్టవలెను. లోపలిది బయటిదానికంటె మూడు డిగ్రీలకు మించినచో ఎక్కడనో గాలికి దారి మూసికొన్నదని గ్రహింపుడు. ఇంటిలో ఎవరును లేని దినమున వానభయమున్నను ప్రక్కలు మూసి పోవలదు. వాన తగిలినను నారు కోలుకొనవచ్చును. ఉడికిన నారు కోలుకొనదు. వైశాఖ జ్యేష్ఠములందు ప్లాస్టిక్ తీసి చుట్టి నీడపట్టున దాచి, వల మాత్రమే ఉంచవలెను. దానివలన ప్లాస్టిక్ ఆయువు కూడ పెరుగును.

తుది మాట తుపాను గుఱించి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను, 1990 మే నెలలో మచిలీపట్టణము ప్రాంతమున విరుచుకొనిపడిన గాలివానను కన్నవారు మీలో నుందురు. అట్టి గాలికి ఎదురు నిలుచు పంతము ఈ పందిరికి తగదు. ప్లాస్టిక్‌కు మేకులు కొట్టక, లాగినంతనే ఊడు ముడులతో త్రాళ్ళు కట్టుడు. రేడియోలో తుపాను హెచ్చరిక విన్నవెంటనే ఇద్దఱు మనుష్యులు అరగంటలో కప్పు దింపగలుగవలెను. కప్పు లేని గుంజల నడుమ గాలి దూరిపోవును. ట్రేలను ఇంటి వసారాలోనికి చేర్చుకొనవచ్చును. ఖర్చు, రాయితీల సంగతి కట్టకముందే మీ ఉద్యానశాఖాధికారిని అడిగి తెలిసికొనుడు.

మరుసటి యేట నే నీ విధముగా కట్టితిని. మా తమ్ముడు నన్ను నారు అడుగలేదు. నేనే అతని నడిగి పోసితిని. నలువది దినముల నారును బండి కెత్తుచు అతడు ఒకసారి కప్పువైపు చూచి, “ఈసారి మండువా పెట్టావే, అన్నయ్యా!” అనెను. అప్పుడు నా మనసు కుదుటపడినది.

మీ పెరటిలో కట్టదలచినవారు మొదట ఒక ఎండవేళ తమలపాకుతోటలో గడియసేపు కూర్చుండి రండు. తరువాత కొలతాడు పట్టుకొనుడు.