రంగు ఒకరిది, నడిపేది ఇంకొకరు

ఆర్టీసీ అద్దె బస్సు మీరందరూ ఎక్కే ఉంటారు. బయట ఆర్టీసీ రంగు, చేతిలో ఆర్టీసీ టికెట్టు. కానీ బస్సు వేరే ఓనరుది, డ్రైవరు ఆయన పెట్టుకున్న మనిషి. కిలోమీటరుకి ఇంత అని ఆర్టీసీ ఓనరుకి డబ్బు కడతాది. అమెరికాలో విమానాలు కూడా ఇలాగే తిరుగుతాయని తెలిసి నాకు నవ్వొచ్చింది.

అక్కడ స్కైవెస్ట్ అనే కంపెనీ ఉంది. 1972లో యూటా రాష్ట్రంలోని సెయింట్ జార్జ్ అనే ఊళ్ళో మొదలైంది. దాని విమానాల మీద ఎక్కువగా దాని రంగు ఉండదు. యునైటెడ్, డెల్టా, అమెరికన్, అలాస్కా అనే పెద్ద కంపెనీల రంగులు ఉంటాయి. టికెట్టు అమ్మేదీ, టైము పెట్టేదీ పెద్ద కంపెనీ. పైలట్లు మాత్రం స్కైవెస్ట్ వాళ్ళు. చాలా రూట్లలో సీట్లు నిండినా నిండకపోయినా ఒప్పుకున్న డబ్బు స్కైవెస్ట్‌కి వస్తాది. ఇవి చిన్న విమానాలు, 50 సీట్లవి, 70, 76 సీట్లవి. 76 దాటనివ్వరు. పెద్ద విమానాలు బయటివాళ్ళకి ఇస్తే మా పని పోతాదని యునైటెడ్ లాంటి కంపెనీల సొంత పైలట్లు ముందే ఒప్పందం రాయించుకున్నారు. తెలివైనవాళ్ళే!

రూట్లు మన సంత దారుల లాగ ఉంటాయి. ఏ గూడెం నుంచి బయలుదేరినా కాలిబాట సంతకే చేరతాది కదా. అలాగే 2022 నాటికి నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్, స్కాట్స్‌బ్లఫ్, కాన్సాస్‌లోని డాడ్జ్ సిటీ నుంచి యునైటెడ్ రంగు వేసిన స్కైవెస్ట్ విమానాలు డెన్వర్ చేరేవి. అక్కడ దిగి యునైటెడ్ పెద్ద విమానం ఎక్కితే ఎంత దూరమైనా పోవచ్చు.

ఇలాంటి ఊళ్ళలో జనం తక్కువ, టికెట్టు డబ్బుతో గిట్టదు. 1978లో అమెరికా ప్రభుత్వం, కంపెనీలు తమకి ఇష్టమైన చోటికి విమానాలు నడుపుకోవచ్చని చట్టం చేసింది. అలా వదిలేస్తే చిన్న ఊళ్ళకి ఎవరూ రారని భయపడి, ఆ ఊళ్ళకి నడిపేవాళ్ళకి ప్రభుత్వమే డబ్బు ఇచ్చే పద్ధతి కూడా పెట్టింది.

2022 మార్చిలో పైలట్లు చాలటం లేదని స్కైవెస్ట్ ఒకేసారి 29 ఊళ్ళకి మానేస్తామని నోటీసు ఇచ్చింది. నేను పైన రాసిన మూడు ఊళ్ళూ అందులో ఉన్నాయి. ప్రభుత్వం ఒప్పుకోలేదు. వేరే కంపెనీ వచ్చేదాకా నడపాల్సిందే అని ఆర్డరు వేసింది.

ఈ సంగతి నేను రెండుసార్లు చదివాను. మా ఊరికి వచ్చే జీపు కిందటేడు మనుషులు చాలటం లేదని ఆగిపోయింది. దానికి నోటీసూ లేదు, ఆర్డరూ లేదు. ఇప్పుడు సెలవులకి వెళ్తే సంత దగ్గర దిగి, రెండు గెడ్డలు దాటి నడుస్తాను. రెండో గెడ్డ దగ్గరికి అమ్మ ఎదురొచ్చి నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుంటాది.

– 9వ తరగతి విద్యార్థిని