నడచుచున్న కెర్నెల్‌లోని గుర్తులు

రైలుబండి ఆలస్యముగా వచ్చినచో, ఎచ్చట ఆలస్యమైనదో తెలిసికొనుటకు బండిని విప్పి చూడనక్కరలేదు. త్రోవలోని స్టేషను రిజిస్టరులను చూచిన చాలును. కంప్యూటరునకును అట్టి ఏర్పాటొకటి కలదు.

ప్రోగ్రాములన్నిటికిని ప్రాసెసరును, మెమొరీని, డిస్కును పంచియిచ్చు మూలభాగమునకు కెర్నెల్ అని పేరు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెల్ నేడు మీ యిండ్లలోని ఆండ్రాయిడ్ ఫోనులందును, పెద్ద సర్వరులందును పనిచేయుచున్నది. వేలమందికి ఉపయోగపడు సర్వరు ఉన్నట్టుండి మందగించినచో దాని నాపి పరీక్షింప వీలులేదు. ఆపినచో లోపము జాడయు చెరిగిపోవును.

కావుననే కెర్నెల్ వ్రాయువారు ముఖ్యమైన తావులందు ముందుగానే గుర్తులు నాటుదురు. వీనిని ట్రేస్‌పాయింట్లు అందురు. మాంట్రియల్‌లో పనిచేసిన మాత్యూ డెన్వాయే కూర్చిన ఈ పద్ధతి 2008 డిసెంబరునాటి 2.6.28వ కూర్పున చేరినది. మరుసటి యేట స్టీవెన్ రాస్టెడ్ ఒక మూసను సిద్ధపరచెను. గుర్తు పేరు, నమోదు కావలసిన వివరములు, వానిని చూపు తీరు ఆ మూసలో నింపినచో కొత్త గుర్తు ఏర్పడును. షెడ్ స్విచ్ అను గుర్తును చూడుడు. ప్రాసెసరు ఒక పనిని విడిచి వేరొకదానిని చేపట్టినప్పుడెల్ల విడిచినదేదో, చేపట్టినదేదో అది కాలముతో సహా వ్రాసిపెట్టును.

ఇన్ని గుర్తులుండగా నడక మందగింపదా? ఇచ్చటనే చమత్కారమున్నది. ఎవరును చూడనపుడు ఆ తావున “ఏమియు చేయకుము” అను చిన్న ఆజ్ఞ మాత్రమే యుండును. ఇంటెల్ ప్రాసెసరులలో అది 2 లేక 5 బైట్లు. చూడగోరినపుడు కెర్నెల్ నడచుచునే తన ఆజ్ఞను తానే దిద్దుకొని, నమోదు చేయు భాగమునకు దుముకు ఆజ్ఞను అచ్చట నిలుపును. పని ముగిసిన పిదప మరల యథాప్రకారము.

గుర్తులేని చోటను పరిశీలించుటకు కెప్రోబ్స్ అను వేరు సాధనము కలదు. కాని అది లోపలి ఫంక్షనుల పేర్లను నమ్ముకొనును. అవి కూర్పు కూర్పునకు మారును. కోడు వ్రాసినవారే అర్థమెరిగి నాటిన గుర్తు మేలని నా తలంపు.

అయితే నాటినదానిని పెరుకుట కష్టము. పూర్వము కెర్నెల్‌కంతటికిని ఒక పెద్ద తాళముండెను. ప్రతి నమోదులోను దాని వివరమునకు 4 బైట్ల గడి యుండెను. 2011లో తాళము పోయినది గనుక గడినికూడ తీసివేసిరి. దానితో విద్యుత్తు వాడకమును చూపు పవర్‌టాప్ అను ప్రోగ్రాము చెడిపోయెను. నమోదులోని గడులు పాత స్థానములందే యుండునని అది నమ్మియుండెను. చివరకు అర్థము లేని ఖాళీ గడిని మరల అచ్చటనే ఉంచవలసివచ్చెను. ఇట్టి భయముచేతనే నిర్వాహకులలో కొందరు తమ భాగమున గుర్తులు నాటనీయరు.