జనరేటర్ ఇంధన పంపు రిలే: తీరప్రాంత చెరువుల వద్ద వైరింగ్ లోపాల నిర్ధారణ

ఇందుకూరుపేట మండలంలో మైపాడు తీరం వైపు వరి పొలాలకు చేరువలోనే రొయ్యల సాగు జరుగుతోంది. రాత్రివేళ కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయినా, చెరువులోని జీవుల శ్వాసక్రియ కొనసాగుతుంది. అందువల్ల నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి చేరుతుంది. అది లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యలు తీవ్ర ఒత్తిడికి లోనవుతాయి. ఆ వేళలో కరెంటు పోయి, జనరేటర్ కూడా పనిచేయకపోతే ఏరేటర్లు నిలిచిపోయి పంట మొత్తం ప్రమాదంలో పడుతుంది.

పనిచేసే విధానం

12 వోల్టుల విద్యుత్ ఇంధన పంపు గల జనరేటర్లలో, ఆయిల్ పీడన సెన్సారు ఇచ్చే సంకేతాన్ని బట్టి కంట్రోలరు రిలేను నడుపుతుంది. రిలేలో 85, 86 పిన్నులు తీగచుట్టకు చెందినవి. 30వ పిన్నుకు బ్యాటరీ విద్యుత్తు అందుతుంది. 87వ పిన్ను నుండి అది పంపునకు వెళుతుంది.

లోపాన్ని గుర్తించడం

ముందుగా జనరేటర్‌ను ఆటోమేటిక్ స్థితి నుండి తప్పించాలి. ఆయిల్ మట్టం, ఫ్యూజు, బ్యాటరీ చూడాలి. విశ్రాంతి స్థితిలో పూర్తిగా ఛార్జయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది.

పంపు అసలు తిరగకపోతే, కంట్రోలరు ఆదేశం ఇచ్చిన సమయంలో 85, 86 పిన్నుల మధ్య వోల్టేజిని కొలవాలి. వోల్టేజి లేకపోతే లోపం కంట్రోలరు వైపు తీగలలో గాని, ఎర్తులో గాని ఉంటుంది. వోల్టేజి ఉండి కూడా రిలే 'టిక్' మనకపోతే తీగచుట్ట తెగిందని భావించవచ్చు. ఇంజన్ మొదలై కొన్ని సెకన్లలోనే ఆగిపోతుంటే సెన్సారు వలయాన్ని పరీక్షించాలి.

భారం మీదనే కొలవాలి

ఉప్పుగాలి సోకిన రాగి తీగ జోడింపుల వద్ద ఆకుపచ్చని తుప్పు ఏర్పడి నిరోధం పెరుగుతుంది. పంపు తిరగనప్పుడు ఆ జోడింపు దాటిన తరువాత కూడా మల్టీమీటరు 12 వోల్టులే చూపుతుంది. మీటరు తీసుకునే విద్యుత్ ప్రవాహం అత్యల్పం కావడమే ఇందుకు కారణం. పంపును స్థూలంగా 2.4 ఓముల నిరోధంగా భావిస్తే, జోడింపులో 1 ఓము చేరినప్పుడు సుమారు 3.5 వోల్టులు అక్కడే నష్టమై, పంపునకు 8.5 వోల్టులు మాత్రమే అందుతాయి. రైతు రిలేను మార్చినా ఫలితం కనిపించదు.

కనుక పంపునకు విద్యుత్తు అందుతుండగా బ్యాటరీ ధన ధ్రువానికి, పంపు ధన తీగకు మధ్య కొలవాలి. ఎర్తు వైపు కూడా ఇదే విధంగా చూడాలి. తేడా 0.5 వోల్టు మించితే జోడింపులను విప్పి శుభ్రపరచాలి.

సెన్సారును తప్పించరాదు

అనేక ఇంజన్లలో ఆయిల్ పీడన స్విచ్చి, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఎర్తుకు కలిసి, పీడనం ఏర్పడగానే విడిపోతుంది. స్విచ్చి విడిపోకపోతే ముందు యాంత్రిక గేజితో నిజమైన పీడనాన్ని నిర్ధారించుకోవాలి. తాత్కాలికంగానైనా సెన్సారు తీగను తొలగించి నడిపితే, ఆయిల్ అందక ఇంజన్ పట్టేసే ప్రమాదం ఉంది.

నివారణ

మరమ్మతుకు ముందు బ్యాటరీ ఋణ తీగను విప్పాలి. తగరపు పూత గల రాగి తీగలు వాడి, జోడింపులపై వేడికి ముడుచుకునే గొట్టాలు తొడగాలి. ప్రతి వారం పగటిపూట ఏరేటర్ల భారంతో జనరేటర్‌ను నడిపి చూసుకుంటే, లోపం రాత్రి బయటపడే అవకాశం తగ్గుతుంది.