వంద మీటర్లకో ఇడ్లీ

ఉగాది దాటాక ఓ ఆదివారం పొద్దున్నే కొండపల్లి కోటకు బయలుదేరాం. మా అబ్బాయి కారేసుకుని ఘాట్ రోడ్డు పట్టాడు. నేనూ మనవరాలూ ఊళ్లోంచి కాలిబాటన ఎక్కాం. సగం దూరం వెళ్లేసరికి అమ్మలు బండమీద చతికిలబడింది.

"తాతయ్యా, నాన్న హాయిగా కూర్చుని వెళ్లిపోయాడు. కష్టమంతా మనదే!"

కష్టానికి లెక్క ఉందమ్మా అన్నాను. 60 కిలోల మనిషి 100 మీటర్ల ఎత్తు ఎక్కితే, భూమి ఆకర్షణకు ఎదురుగా చేసే పని 14 కిలోకెలోరీలు. కానీ మన కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతే పనిగా మారుతుంది. మిగతా మూడు వంతులూ వేడే, అందుకే ఈ చెమట. మొత్తం కలిపితే 60 కిలోకెలోరీల దాకా అవుతుంది. అంటే ఒక ఇడ్లీ.

"మరి నాన్న కారు?"

వెయ్యి కిలోల కారు అంతే ఎత్తు ఎక్కాలంటే ఆ ఎత్తుకే ఓ టీగ్లాసుడు పెట్రోలు కావాలి. రోడ్డు మెలికలు తిరిగినా ఆ పని తగ్గదు. డ్రమ్మును లారీలోకి ఎక్కించేవాళ్లు పలక వేసి దొర్లిస్తారు చూశావా? ఒకేసారి ఎత్తనక్కర్లేదు, బరువు దూరం మీద పరుచుకుంటుంది. ఘాట్ రోడ్డూ కొండకు వేసిన పలకే. మళ్లీ మన ఇడ్లీల లెక్కకొస్తే, మనాలీ నుంచి 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమకు నడిచి వెళ్లేవాళ్లు దగ్గర దగ్గర 1,900 మీటర్లు పైకెక్కాలి. పంతొమ్మిది ఇడ్లీలు!

అమ్మలు నవ్వి లేచింది. కోట గుమ్మం దగ్గర మళ్లీ ఆగి, "ఇంత ఎత్తెక్కాం కదా, ఆ పనంతా ఏమైపోయింది?" అంది. నాకు భలే ముచ్చటేసింది. అడగాల్సిన ప్రశ్న అదే.

ఎక్కడికీ పోలేదు, మనలోనే దాగి ఉంది. దిగేటప్పుడు దాన్ని ఎలాగో ఒకలాగ వదిలించుకోవాలి. కారైతే బ్రేకుల్లో వేడిగా వదిలేస్తుంది. ఆ వేడికి బ్రేకులు పట్టు తప్పకుండా ఉండాలనే, ఎక్కిన గేరులోనే దిగమంటారు. మనమైతే తొడ కండరాలతో ఆపుకుంటూ దిగుతాం. బిగుసుకున్న కండ సాగుతూ పనిచేస్తే దాని పోగులు నలుగుతాయి. రేపూ ఎల్లుండీ కాళ్లు పీకేది అందుకే.

మరి కొండ దిగడం అందరికంటే బాగా తెలిసింది ఎవరికో చూపిస్తాను రమ్మన్నాను. అందుకు రెక్కల కాయలు కాసే చెట్టు కావాలి. ఎంతో వెతికితే గోడవార ఒకటి దొరికింది. ఆకంతా రాల్చేసి, కాయలతో నిలబడి ఉంది. కాయకు వేలెడేసి రెక్కలు రెండు.

అమ్మల్ని గోడమీద నిలబెట్టి, ఒక చేతిలో గులకరాయి, రెండో చేతిలో కాయ పెట్టి వదలమన్నాను. "ఒకటి" అనేసరికి రాయి కింద టప్పుమంది. కాయ గిర్రున తిరుగుతూ, ఎత్తును గాలికి కొంచెం కొంచెంగా అప్పజెబుతూ మూడు లెక్కపెట్టే దాకా దిగింది. గాలికి ఆ కాసేపు చాలు, చెట్టు నీడ దాటించి ఎండ తగిలే చోట వేసింది. చెట్టు బిడ్డకు కావలసింది అదే మరి.

ఇంకో నాలుగు కాయలు ఏరి మూటగట్టుకుంది అమ్మలు. వానలు పడగానే మా పెరట్లో నాటాలట.