బల్బు మారింది... రంగు మారకూడదు!

మంగళగిరి కొండకు మూడు చోట్ల నరసింహస్వామి కొలువు. కొండ కింద లక్ష్మీనరసింహుడు, మెట్లెక్కితే పానకాలస్వామి, శిఖరం మీద గండాలయ్య. ఆ శిఖరాన విగ్రహం ఉండదు, దీపమే దైవం. గండం గట్టెక్కాలని మొక్కుకున్నవాళ్లు అక్కడికి వెళ్లి దీపం వెలిగిస్తారు. కొండ కింద ఊళ్లో నేతన్నలకూ దీపమే ఆధారం. చీకటింట్లో గుంట మగ్గం మీద పడుగూ పేకా కనిపించాలంటే వెలుగు కావాలి మరి! ఆ వెలుగు కిరోసిన్ లాంతరు నుంచి బల్బుకు, బల్బు నుంచి ట్యూబ్‌లైటుకు, అక్కణ్నుంచి సీఎఫ్ఎల్‌కు, ఇప్పుడు ఎల్ఈడీకి మారింది. చివరి రెండు మార్పులూ ఒక్క తరం కళ్లముందే జరిగిపోయాయి.

ఎల్ఈడీ వచ్చాక కరెంటు బిల్లు తగ్గింది. అందులో అనుమానం లేదు. కానీ రాత్రి లైటు కింద ఒకే రంగులా కనిపించిన రెండు నూలు కండెలు, తెల్లారి ఎండలో చూస్తే రెండు ఛాయలుగా తేలడం కూడా ఉంటుంది. అప్పటికే జానెడు బట్ట నేసేసి ఉంటే? ఆ చీర ధర తగ్గినట్టే. చవగ్గా దొరికే వెలుగు అన్ని రంగుల్నీ ఉన్నదున్నట్టు చూపించదన్న సంగతి చాలామందికి తెలియదు.

ముందు వరసలో గుంటూరు!

దేశంలో ఎల్ఈడీ బల్బు ఇంటింటికీ చేరిన కథలో గుంటూరు జిల్లాది మొదటి వరస. కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థలు కలిసి ఏర్పాటుచేసిన ఈఈఎస్ఎల్, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల్ని ఎంచుకుంది. పాత బల్బు ఇచ్చి పది రూపాయలు కడితే 7 వాట్ల ఎల్ఈడీ బల్బు చేతికొచ్చేది. ఇంటికి రెండు. 2015 జనవరిలో ఇదే పథకం దేశమంతటికీ విస్తరించి, తర్వాత 'ఉజాలా'గా పేరు తెచ్చుకుంది. దాని కింద పంచిన బల్బులు 36 కోట్ల పైమాటే.

అసలు కిటుకంతా టోకు కొనుగోలులోనే ఉంది. 2014 మొదట్లో ఈఈఎస్ఎల్ టెండర్లో ఒక్కో బల్బు ధర 310 రూపాయలు. కోట్లలో కొంటామనేసరికి కంపెనీలు పోటీపడ్డాయి. 2016 నాటికి అదే బల్బు 38 రూపాయలకు దిగివచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను అతలాకుతలం చేశాక విశాఖపట్నంలో తొంభై వేలకు పైగా వీధిదీపాల్ని ఎల్ఈడీలుగా మార్చేశారు. 2021లో పల్లెల కోసం 'గ్రామ ఉజాలా' మొదలుపెట్టినప్పుడు తొలి విడతకు ఎంచుకున్న ప్రాంతాల్లో విజయవాడ కూడా ఉంది.

లెక్క చూస్తే లాభం తేలిగ్గానే అర్థమవుతుంది. 60 వాట్ల పాత బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే ఏడాదికి దాదాపు 110 యూనిట్లు కాలుతుంది. అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి 16 యూనిట్లు చాలు. ఒక్క బల్బుకే తొంభై యూనిట్లకు పైగా మిగులు!

వెలుగు కన్నా వేడే ఎక్కువ

1879లో ఎడిసన్ దారి చూపిన బల్బు పనిచేసే తీరు చాలా సులువు. సన్నటి తీగలో కరెంటు పారితే అది ఎర్రగా కాలి, తెల్లగా వెలుగుతుంది. చిక్కేమిటంటే, కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగానే పోతుంది. కోడిపిల్లల్ని వెచ్చగా ఉంచడానికి బుట్టలో బల్బు పెట్టేది అందుకే.

సీఎఫ్ఎల్ నాలుగో వంతు కరెంటుతోనే పనికానిచ్చింది. కానీ దాని గొట్టంలో కొద్దిపాటి పాదరసం ఉంటుంది. ఎల్ఈడీలో తీగా లేదు, పాదరసమూ లేదు. కరెంటు పారితే నేరుగా వెలుగునిచ్చే చిన్న చిప్ అది. 1962లోనే ఎర్ర ఎల్ఈడీ తయారైంది. నీలిరంగు మాత్రం శాస్త్రవేత్తల్ని మూడు దశాబ్దాలు ముప్పుతిప్పలు పెట్టింది. నీలం లేనిదే తెల్లని వెలుగు రాదు. ఆ చిక్కుముడి విప్పినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. గుంటూరు జిల్లాలో పది రూపాయల బల్బు పంచిందీ ఆ ఏడాదే!

కొలిమి నుంచి టేబుల్ మీదికి...

పాత బల్బు తయారీ అంటే గాజు పని, నిప్పు పని. గాజు బుడగ ఊదాలి, వెంట్రుక కన్నా సన్నటి టంగ్‌స్టన్ తీగను చుట్ట చుట్టాలి, లోపలి గాలి తీసి ఆర్గాన్ లాంటి వాయువు నింపాలి, మూతి మూసి టోపీ బిగించాలి. దానికి పెద్ద యంత్రాలు, పెద్ద ఫ్యాక్టరీలు కావాలి. కోల్‌కతాలో 1932లో మొదలైన బెంగాల్ ల్యాంప్, బెంగళూరులో 1936 నాటి మైసూర్ ల్యాంప్స్ అలా పుట్టినవే. ఎల్ఈడీలు ఇళ్లలోకి రాకముందే ఆ రెండూ మూతపడ్డాయి.

ఎల్ఈడీ బల్బు ఎలక్ట్రానిక్ వస్తువు. అల్యూమినియం పలక మీద గింజల్లాంటి చిప్‌లు, ఇంటి కరెంటును వాటికి తగినట్టు మార్చే 'డ్రైవర్' సర్క్యూట్, వేడిని బయటికి పంపే ఒళ్లు, పైన తెల్లటి ప్లాస్టిక్ గుమ్మటం. ఇంతే. విడిభాగాలు తెచ్చుకుంటే చిన్న షెడ్డులోనైనా బిగించేయొచ్చు. అందుకే ఊరూపేరూ లేని బల్బులూ బజార్లోకి వచ్చాయి. చిప్‌ల కోసం మాత్రం దేశం ఎక్కువగా దిగుమతుల మీదే ఆధారపడింది. విడిభాగాలు ఇక్కడే తయారు కావాలని 2021 ఏప్రిల్‌లో ఏసీలు, ఎల్ఈడీ లైట్లకు కలిపి 6,238 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని కేంద్రం ఆమోదించింది. తెలుగునాట ఈ రంగంలో ముందే అడుగుపెట్టింది 1988లో హైదరాబాద్‌లో మొదలైన ఎంఐసీ ఎలక్ట్రానిక్స్. ఎల్ఈడీ తెరలు, లైట్ల తయారీ దాని పని.

మిరప ఎరుపు వెలవెలబోతే?

ఇప్పుడు మళ్లీ నేతన్న దగ్గరికి వద్దాం. తెల్ల ఎల్ఈడీలో ఉండేది నీలిరంగు చిప్పే. దాని మీద పసుపు పొడి పూత పూస్తారు. నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. ఈ కలయికలో ముదురు ఎరుపు పాలు తక్కువ. అందుకే చవక ఎల్ఈడీ కింద ఎర్రటి నూలూ, పండు మిరపా, వంటింట్లో టమాటా... అన్నీ కాస్త వెలవెలబోయినట్టు ఉంటాయి.

రంగుల్ని ఎంత నిజాయతీగా చూపిస్తుందో చెప్పే కొలత ఒకటుంది. పేరు సీఆర్ఐ. గరిష్ఠం 100. పాత బల్బుది దాదాపు వందే. మామూలు ఎల్ఈడీది 80 చుట్టుపక్కల. 90 దాటినవీ దొరుకుతాయి, ధర కొంచెం ఎక్కువ. నిజాం అంచుకు ఎరుపు ఎంచుకునే మంగళగిరి నేతన్నకూ, అద్దకం వేసేవారికీ, దర్జీకీ, బట్టల దుకాణానికీ ఆ తేడా విలువైందే. ఇంటిల్లిపాదికీ అలాంటివే అక్కర్లేదు. మగ్గం మీదో, కుట్టుమిషన్ దగ్గరో ఒక్కటి పెట్టుకున్నా చాలు.

పాతికవేల గంటలు ఏమైనట్టు?

'డబ్బా మీద పాతికవేల గంటలని రాశారు, ఏడాదికే పోయిందేం?' చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. సాధారణంగా ముందు పోయేది చిప్ కాదు, డ్రైవర్. అందులోని కెపాసిటర్‌కు వేడి గిట్టదు. గాలాడని గాజు బుడ్డీలో బిగిస్తే బల్బు ఆయుష్షు సగం హరించుకుపోతుంది. ఓల్టేజీ ఎగుడుదిగుళ్లూ దెబ్బతీస్తాయి. చిప్‌లన్నీ దండలో పూలలా వరసగా ఉంటాయి కాబట్టి ఒక్కటి మాడినా మొత్తం ఆరిపోతుంది. ఆ ఒక్కదాన్నీ మార్చి బల్బును మళ్లీ వెలిగించే మెకానిక్కులు మన ఊళ్లలో ఉన్నారు.

కొనేముందు...

* వాట్లు కాదు, ల్యూమెన్లు చూడాలి. వెలుగు కొలత అదే. 9 వాట్ల మంచి బల్బు 900 ల్యూమెన్ల దాకా ఇస్తుంది.
* రంగు కొలత 'కె'. 2700-3000కె అంటే పసుపు వెలుగు, పడకగదికి హాయి. 6500కె అంటే తెల్లటి వెలుగు.
* బీఐఎస్ నమోదు సంఖ్య, బీఈఈ స్టార్ గుర్తు ఉన్నాయో లేదో చూడాలి. బిల్లు అడిగి తీసుకుంటేనే వారంటీ వర్తిస్తుంది.
* రంగులతో పని ఉన్నవాళ్లు డబ్బా మీద సీఆర్ఐ ఎంతో చదవాలి.
* పగిలిన సీఎఫ్ఎల్‌ను ఒట్టి చేత్తో తీయకూడదు. కిటికీలు తెరిచి, గది ఖాళీచేసి, కాసేపాగి అట్టముక్కతో ఎత్తాలి. పాడైన సీఎఫ్ఎల్, ఎల్ఈడీ ఏదైనా ఎలక్ట్రానిక్ చెత్త కిందికే వస్తుంది. మురుగుకాల్వలో వేయకుండా విడిగా అప్పగించాలి.

చివరగా ఒక్క మాట. ఎంత మంచి లైటైనా పగటి వెలుగుకు సాటి రాదు. ఖరీదైన చీర కొనేటప్పుడు మడత విప్పించి, ఒక్కసారి గుమ్మం బయట ఎండలో చూసుకోవడం మన అమ్మమ్మల అలవాటు. ఎల్ఈడీల కాలంలో ఆ అలవాటుకు మరింత విలువ పెరిగింది.