లింగాకర్షక బుట్టలో ఎర ఎక్కడ పుడుతుంది? కెమిస్ట్రీ చదివే మన పిల్లల కోసం ఒక మాట

పోయిన వారం పత్తి చేనులో లింగాకర్షక బుట్టలు కట్టే వీడియో పెట్టాను కదా, అది తీస్తున్నప్పుడు జరిగిన ముచ్చట ఇది. పక్క చేను పెద్దాయన గట్టు మీద కూర్చుని అంతా చూస్తున్నడు. నేను ప్యాకెట్ చింపి రబ్బరు బిళ్ళ తీసి బుట్ట మూతకు పెడుతుంటే అడిగిండు:

"అంతా ఆవు పేడ, మూత్రం అంటవు గద బిడ్డా. మరి ఆ రబ్బరు బిళ్ళల ఉన్నది మందు కాదా? అది ఏడికెల్లి వచ్చింది?"

ఆ ముక్క ఎడిటింగ్‌లో తీసేశాను. నిజం చెప్పాలంటే జవాబు సగమే తెలుసు నాకు. "పురుగు వాసన, పెద్దయ్యా" అని తప్పించుకున్నా. ఇంటికి వచ్చాక అది మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈ వారం కషాయాల సంగతి పక్కన పెట్టి దీని గురించి రాస్తున్నాను. పై వీడియోలో ఎర మార్చే పద్ధతి మాత్రమే ఉంటుంది, అసలు కథ కింద చదవండి.

సూటి జవాబు: అవును, అది కెమికలే. ఫ్యాక్టరీలో, రియాక్టర్‌లో తయారైనదే. గులాబీ రంగు పురుగు ఆడ రెక్కల పురుగు మగదాన్ని పిలవడానికి గాలిలోకి వదిలే వాసన పేరు గాసిప్లూర్. 1973లో దాని అసలు రూపం కనుక్కున్నారు. దాంట్లో దాదాపు సరిసమానంగా రెండు పదార్థాలు ఉంటాయి. రెండింటిలో అవే పరమాణువులు, అదే బరువు, ఒక్క చోట మాత్రం వంపు వేరు. ఆ వంపు తప్పితే, పాళ్ళు తప్పితే, మగ పురుగు లెక్క చేయదు. తాళంచెవి పన్ను ఒకటి అరిగితే తాళం రానట్టే.

"పురుగుల నుంచే తీయొచ్చు కదా" అంటారేమో. తీశారు కూడా. జర్మనీలో బూటెనాంట్ అనే శాస్త్రవేత్త పట్టుపురుగు వాసనను 1959లో బయటపెట్టాడు. ప్రపంచంలో మొదటగా గుర్తించిన కీటక ఫెరోమోన్ అదే. దానికోసం దాదాపు 5 లక్షల ఆడ పురుగుల గ్రంథులు కోయాల్సి వచ్చింది. అంత చేస్తే చేతికొచ్చింది కొన్ని మిల్లీగ్రాములు. మన ఒక్కో బిళ్ళలో ఉండేదీ కొన్ని మిల్లీగ్రాములే. అంటే పురుగుల నుంచి తీసి ఊరి పత్తికి సరిపెట్టడం కలలో మాట. తయారు చేయాల్సిందే.

మరి ఎలా తయారు చేస్తున్నారు, తయారీలో ఏం మిగులుతోంది అన్నదే పెద్దాయన అడగని రెండో ప్రశ్న. నాకు నిద్ర పట్టనివ్వంది అదే.

మా చిన్నమ్మ కొడుకు ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివి ఒక మందుల కంపెనీలో కెమిస్ట్‌గా చేస్తున్నాడు. పండక్కి వస్తే బట్టలకు సాల్వెంట్ వాసన వచ్చేది, మా అమ్మ బయట దండెం మీద ఆరేయమనేది. వాడికి ఫోన్ చేసి అడిగితే నోట్‌బుక్ తీసి లెక్క చెప్పాడు. వాడు ఈ మధ్యనే గ్రీన్ కెమిస్ట్రీ శిక్షణకు వెళ్ళొచ్చాడు, అందుకే నోట్‌బుక్ దగ్గరే ఉంది.

గాసిప్లూర్‌లోని ఆ వంపును తెచ్చే పాత పద్ధతుల్లో ఒకటి విట్టిగ్ చర్య. కనిపెట్టినాయనకు 1979లో నోబెల్ కూడా వచ్చింది. మంచి పద్ధతే, కానీ ఒక్క జంటబంధం కట్టడానికి ఒక పెద్ద అణువు ఖర్చయిపోయి చెత్తగా మిగులుతుంది. దాని పేరు ట్రైఫినైల్ ఫాస్ఫీన్ ఆక్సైడ్. దాని అణుభారం 278. గాసిప్లూర్ అణుభారం 280. అంటే చర్య నూటికి నూరు పాళ్ళు బాగా జరిగినా సరే, కిలో సరుకుకు దాదాపు కిలో చెత్త. అదీ ఆ ఒక్క మెట్టులో. కరిగించడానికి, కడగడానికి వాడే సాల్వెంట్ ఇంకా లెక్కలోకి రాలేదు.

వడ్లు మరాడిస్తే క్వింటాకు 65 నుంచి 70 కిలోల బియ్యం వస్తాయి. మిగతాది ఊక, తవుడు. ఊక పొయ్యిలోకి పోతుంది, తవుడు పశువుకు పోతుంది. కెమికల్ ఫ్యాక్టరీ ఊకను ఏ పశువు తింటుంది?

ఈ చెత్తకు ఒక కొలత ఉంది, దాన్ని ఇ-ఫ్యాక్టర్ అంటారు. కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం అన్నమాట. రోజర్ షెల్డన్ అనే ఆయన 1992లో పరిశ్రమల వారీగా లెక్క వేశాడు. టన్నులకొద్దీ చేసే మామూలు రసాయనాల్లో ఇది 1 నుంచి 5 లోపు, మందు బిళ్ళల పరిశ్రమలో 25 నుంచి 100 దాకా, ఒక్కోసారి ఇంకా పైన. మనం పెట్రోలు శుద్ధి కర్మాగారం మురికి, మందుల ఫ్యాక్టరీ శుభ్రం అనుకుంటాం. కిలో లెక్కన చూస్తే తిరగబడుతుంది.

మా సంగారెడ్డి వైపు వాళ్ళకు ఈ అంకెలు చెప్పాల్సిన పని లేదు. నక్కవాగు చూసినవాళ్ళం. మంజీరాలో కలిసే ఆ వాగు వెంబడి రైతులు పడ్డ బాధ 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. జ్వరానికి డాక్టరు రాసే యాంటీబయాటిక్ అది. శుద్ధి చేశాక ఉన్న సంగతి ఇది.

అందుకే నా గొడవ ఏంటంటే, నా చేనులో ఒక్క చుక్క మందు కొట్టకుండా బుట్ట కట్టుకుని, ఆ బుట్టలోని ఎర ఇంకో ఊరి బోరులో విషం పోస్తే అది ప్రకృతి వ్యవసాయం ఎట్లా అవుతుంది? సేంద్రియ ప్రమాణాలు బుట్టలో, డిస్పెన్సర్‌లో ఉన్నంతవరకు ఫెరోమోన్లను ఒప్పుకుంటాయి. కాగితం ప్రకారం నాకు ఇబ్బంది లేదు. ఇబ్బంది మనసుకు.

ఇదే తమ్ముడితో అంటే వాడు నవ్వాడు. "అన్నా, నువ్వు యూరియా మానేసి జీవామృతం నేర్చుకున్నవ్ కదా. మేం కూడా అదే నేర్చుకుంటున్నం" అన్నాడు.

వాడి శిక్షణ నోట్‌బుక్ రెండు రోజులు నా దగ్గరే పెట్టుకున్నా. అగ్రికల్చర్ డిప్లొమా కెమిస్ట్రీతో సగం అర్థమైంది, మిగతా సగం వాడు ఫోన్‌లో చెప్పాడు.

మొదటి పేజీలో గ్రీన్ కెమిస్ట్రీ 12 సూత్రాలు. 1998లో పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ రాసినవి. వాటిలో మొదటిదే మన కళ్ళకద్దుకోవాల్సింది: చెత్త పుట్టాక శుభ్రం చేయడం కాదు, పుట్టకుండా చూడాలి. మేమూ అదే కదా చెప్పేది, పురుగు వచ్చాక పరిగెత్తకు, రాకుండా చేను తయారు చెయ్యి అని.

రెండోది, వాడిన అణువులో ఎంత సరుకులోకి చేరింది అన్న లెక్క. దీనికి ఇబుప్రొఫెన్ ఉదాహరణ ప్రతి శిక్షణలోనూ చెప్తారట. ఒళ్ళునొప్పులకు మింగే ఆ బిళ్ళను పాత పద్ధతిలో 6 మెట్లలో చేసేవారు, వాడిన అణువుల బరువులో 40 శాతమే సరుకులో చేరేది. తర్వాత వచ్చిన పద్ధతి 3 మెట్లు, 77 శాతం. బిళ్ళ అదే, పనిచేసేదీ అట్లే. మారింది చేసే దారి.

షుగర్ బిళ్ళ సిటాగ్లిప్టిన్ కథ నాకు ఇంకా నచ్చింది. బాగా ఎక్కువ ఒత్తిడిలో హైడ్రోజన్, ఖరీదైన రోడియం లోహం పెట్టి చేసేవారు. దాని బదులు ఒక ఎంజైమును మలిచి పనిలో పెట్టారు. వ్యర్థం 19 శాతం తగ్గింది, ఆ ఒత్తిడి పాత్రలూ పోయాయి. దానికి 2010లో అమెరికా ప్రభుత్వ గ్రీన్ కెమిస్ట్రీ పురస్కారం వచ్చింది. ఎంజైములను ఇలా తరం తర్వాత తరం ఎంపిక చేసి మెరుగుపరిచే పద్ధతికే ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు 2018లో నోబెల్. మన తాతలు మంచి కంకులు ఏరి విత్తనానికి దాచిన పనే, కాకపోతే సీసాలో.

ఇంకొకటి చెప్తే అగ్రికల్చర్ చదివినవాళ్ళు ఆశ్చర్యపోతారు. లోహం అక్కర్లేకుండా చిన్న సేంద్రియ అణువులతో చర్యలు నడిపినందుకు 2021 నోబెల్ ఇచ్చారు కదా, వాళ్ళలో లిస్ట్ అనే ఆయన వాడింది ప్రోలిన్. బెట్టకు మొక్క ఆకుల్లో పోగేసుకునే ప్రోలినే! డిప్లొమాలో రెండు మార్కుల ప్రశ్నకు రాసి మర్చిపోయాను దాన్ని.

మన ఎర దగ్గరికి వద్దాం. విట్టిగ్ బదులు ఇప్పుడు మెటాథెసిస్ అనే దారి ఉంది, 2005 నోబెల్ దానికే. కోలాటంలో జతలు మారినట్టు రెండు అణువులు తమ భాగాలు మార్చుకుంటాయి. ఎంచుకున్న ముడిసరుకును బట్టి బయటికి పోయేది 28 అణుభారం ఉన్న ఇథిలీన్ వాయువు మాత్రమే. 278 ఎక్కడ, 28 ఎక్కడ? అరటికాయలు పండించే గదుల్లో వాడే గ్యాసే అది.

పులియబెట్టే దారి ఇంకోటి. డెన్మార్క్‌లో బయోఫెరో అనే సంస్థ ఈస్ట్‌తో ఫెరోమోన్లు తయారు చేసే పద్ధతి తెచ్చింది. 2022లో దాన్ని ఎఫ్‌ఎంసి కొనేసింది. పురుగుమందులు అమ్మే కంపెనీ కన్ను కూడా ఎర మీద పడ్డదన్నమాట. అదే ఏడాది స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కామెలీనా అనే నూనెగింజ మొక్కతో ఫెరోమోన్ ముడిసరుకు తీయించారు. జన్యుమార్పిడి మొక్క అది. నాకు దాని మీద అనుమానాలున్నాయి, కానీ ఉన్న సంగతి చెప్పాలి కదా.

సాల్వెంట్ పేజీలు మాత్రం రైతు తప్పకుండా చదవాలి. చెత్తలో ఎక్కువ భాగం ఈ సాల్వెంటే. శిక్షణలో వీటిని వాడదగ్గవి, ఆలోచించాల్సినవి, మానాల్సినవి అని రంగులతో విడదీసి నేర్పుతారు. మంచి వాటిలో 2-మిథైల్ టీహెచ్‌ఎఫ్ ఒకటి. అది ఫర్‌ఫ్యూరల్ నుంచి వస్తుంది, ఫర్‌ఫ్యూరల్ మొక్కజొన్న బెండ్ల నుంచి, చెరకు పిప్పి నుంచి వస్తుంది. మనం గట్టు మీద కాల్చేసే బెండ్లు! రైతు సంఘాలు దీని మీద చూపు పెట్టాలని నా అభిప్రాయం. దాన్ని తీసే యూనిట్ మన షెడ్డులో పెట్టే చిన్న పని కాదు, అది కూడా ముందే చెప్తున్నా.

ఆఖర్న ఫ్లో కెమిస్ట్రీ. వేల లీటర్ల రియాక్టర్‌లో అంతా ఒకేసారి పోసి ఉడికించే బదులు, సన్నటి గొట్టాల్లో కొంచెం కొంచెంగా పారిస్తూ చర్య జరిపిస్తారు. ఏ క్షణంలోనైనా లోపల ఉండే సరుకు తక్కువ, కాబట్టి వేడి చేయిదాటే ప్రమాదం తగ్గుతుంది. మడి నింపి పారించడానికీ, డ్రిప్పుకూ ఉన్న తేడా అనుకోండి. ప్లాంటులో రాత్రి షిఫ్టు చేసే పిల్లల తల్లులకు ఈ పేజీ విలువ తెలుస్తుంది. మా చిన్నమ్మ వాడి ఫోన్ కలవకపోతే ముందు టీవీ పెడుతుంది.

ఇవన్నీ నేర్చుకోవాలంటే ఎక్కడికి పోవాలి? తార్నాకలో ఐఐసీటీ ఉంది, 1944లో మొదలైన సంస్థ, ఫెరోమోన్ల మీద ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది. సీఎస్‌ఐఆర్ స్కిల్ ఇనిషియేటివ్ కింద అలాంటి ప్రయోగశాలల్లో స్వల్పకాలిక శిక్షణలు నడుస్తుంటాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో ఫ్లో కెమిస్ట్రీ హబ్ పెట్టారు. పై చదువుకు విదేశం వెళ్ళగలిగితే ఇంగ్లండ్‌లో యార్క్ విశ్వవిద్యాలయం గ్రీన్ కెమిస్ట్రీలోనే ఎమ్మెస్సీ ఇస్తుంది. ప్రకటనలు, ఫీజులు మారుతుంటాయి, నేరుగా వాళ్ళ సైట్లలోనే చూసుకోండి.

ఒక జాగ్రత్త. తమ్ముడు మొదట చేరింది ఇది కాదు. ఒక ప్రైవేటు కోచింగ్ వాళ్ళు గ్రీన్ కెమిస్ట్రీ సర్టిఫికెట్ అని ఫీజు కట్టించుకుని, ఏసీ గదిలో స్లైడ్లు చూపించి పంపారు. ఒక్క గాజు ఫ్లాస్క్ ముట్టుకోలేదు. ఇంటర్వ్యూలో "నీ చర్య ఇ-ఫ్యాక్టర్ ఎంత వచ్చింది?" అని అడిగితే నోరు పెగల్లేదట. కాబట్టి డబ్బు కట్టే ముందు అడగండి: చేత్తో చర్య చేయిస్తారా? వ్యర్థం తూకం వేయిస్తారా? చర్య ఎంత వేడి పుట్టిస్తుందో కొలిచే పరికరం ఉందా? సాల్వెంట్ తిరిగి పట్టడం నేర్పిస్తారా? వీటికి సూటిగా చెప్పకపోతే వెనక్కి రండి.

నిన్న పెద్దాయన దగ్గరికి పోయి కూర్చుని ఇదంతా నాకు చేతనైనట్టు చెప్పాను. కోలాటం ముచ్చటకు నవ్విండు. తర్వాత అడిగిండు: "మరి నీ ప్యాకెట్‌ల ఉన్నది ఏ పద్ధతిల చేసింది?"

ప్యాకెట్ తిప్పి చూశాం. పురుగు పేరు, గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్నాయి. చేసిన దారి లేదు. కంపెనీకి మెయిల్ రాశాను, జవాబు వస్తే వచ్చే వీడియోలో చదివి వినిపిస్తాను. మీరు కొనే కంపెనీని కూడా అడగండి.

పెద్దాయన ఎకరాకు 4 బుట్టలు పట్టుకుపోయిండు. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు మగ పురుగులు పడితే నాకు ఫోన్ చేయమన్నాను. మీరు కూడా అంతే లెక్క పెట్టుకోండి. బిళ్ళను ఉత్త చేత్తో ముట్టకండి, విప్పని ప్యాకెట్లు ఫ్రిజ్‌లో పెట్టండి, వాడేసిన బిళ్ళలు చేనులో పారేయకుండా డబ్బాలో దాచండి, అవి అక్కడక్కడ పడి ఉంటే మగ పురుగులు బుట్టను వదిలి అటు పోతాయి.