నిఖాకి ముందు బ్లడ్ గ్రూప్ ఒక్కటే అడిగితే సరిపోదు

మాడుగుల: పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత పాఠం ఉంటుంది. మెండెల్ బఠాణీ మొక్కల బొమ్మలు గీసి, మార్కులు తెచ్చుకుని, పిల్లలు దాన్ని మర్చిపోతారు. నిజానికి ఆ పాఠం ఎక్కువగా పనికొచ్చేది మన ఇళ్లల్లో సంబంధాలు మాట్లాడుకునేటప్పుడే.

రక్తం ఎర్రగా ఉండేది హిమోగ్లోబిన్ వల్ల. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ పట్టుకుని ఒళ్లంతా చేరవేసేది అదే. అందులో బీటా అనే భాగాన్ని తయారుచేసే జన్యువు మనకి రెండు కాపీలు ఉంటాయి. ఒకటి అమ్మీ నుంచి, ఇంకోటి అబ్బా నుంచి వస్తుంది. ఒక కాపీలో లోపం ఉన్నా రెండోది పని నడిపిస్తుంది. అలాంటివాళ్లని క్యారియర్లు అంటారు. వాళ్లు మామూలుగానే ఉంటారు, చాలామందికి ఆ సంగతే తెలీదు.

రెండు కాపీల్లోనూ లోపం ఉంటేనే జబ్బు. సికిల్ సెల్‌లో గుండ్రటి ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. నొప్పులు భరించలేనంతగా వస్తాయి. మామూలు కణం 120 రోజులు బతికితే, ఇది 10 నుంచి 20 రోజులే. తలసేమియా మేజర్ అయితే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి.

నేను చదివింది బీకాం కాబట్టి లెక్కలో చెప్తాను. ఒకే లోపమున్న క్యారియర్లిద్దరికి పెళ్లయితే, బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం, ఏ లోపం లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. ఇది ప్రతి కాన్పుకీ విడిగా వేసుకోవాల్సిన లెక్క. మొదటి బిడ్డకి వచ్చింది కదా, ఇక మిగతావాళ్లకి రాదు అనుకోవడం తప్పు.

ఖాలా కొడుకు, మామూ కూతురు లాంటి దగ్గరి సంబంధాల్లో ఇద్దరికీ తాతా నానమ్మలో, అమ్మమ్మా తాతలో ఒకరే. జన్యువుల్లో దాదాపు ఎనిమిదో వంతు కలుస్తుంది. అందుకే ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది.

మాడుగుల దాటి పాడేరు ఘాట్ ఎక్కితే ఏజెన్సీ గ్రామాలు. అక్కడి ఆదివాసీల్లో సికిల్ సెల్ ఎక్కువ. క్యారియర్లకి ముదిరిన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది కాబట్టి, మలేరియా ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోయింది. 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చేయాలని కేంద్రం 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. తలసేమియా మాత్రం ఏ ప్రాంతం వాళ్లకైనా ఉండొచ్చు.

బ్లడ్ గ్రూప్ చూస్తే ఇవేవీ తెలీవు. ఇద్దరిదీ ఒకే గ్రూప్ అయితే పెళ్లి చేయకూడదన్న మాట కూడా నిజం కాదు. అడగాల్సింది హెచ్‌పీఎల్‌సీ అనే హిమోగ్లోబిన్ పరీక్ష. సాధారణంగా జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు.

రిపోర్టులో క్యారియర్ అని వస్తే అమ్మాయిని తప్పుపట్టొద్దు. లోపమున్న కాపీ అబ్బాయి వైపు నుంచీ రాకపోతే బిడ్డకి ఈ జబ్బు రాదు. ఇద్దరూ క్యారియర్లయితే సంబంధం ఖాయం చేసేముందే డాక్టర్‌తో మాట్లాడండి. పెళ్లయిపోయినవాళ్లు కూడా కంగారు పడక్కర్లేదు, గర్భం తొలి నెలల్లోనే బిడ్డకి పరీక్ష చేయించుకునే వీలుంది.